హోరు లేని సముద్రం

మైపాడు అలల పక్కన పెరిగిన చెవికి మారిషస్ ఒడ్డున మొదట అందింది నిశ్శబ్దం. తర్వాత తెలుగు. నోటుపుస్తకంలో రెండు గడులు గీసుకుని బయల్దేరిన ఒక నెల్లూరు బాటసారి వారం రోజుల లెక్క ఇది. లెక్క చివరికి తేలలేదు.

మా ఊళ్ళో సముద్రం కంటికంటే ముందు చెవికి అందుతుంది. నెల్లూరు నుంచి మైపాడు వైపు వచ్చే దారిలో సరుగుడు తోపులు మొదలైన చోట బండి ఆపి నిలబడితే చాలు, తోపు అవతల ఎక్కడో జాతర జరుగుతున్నట్టు హోరు. గాలి మళ్ళిన రాత్రుల్లో ఆ హోరు రొయ్యల గుంటలు దాటి, వరి కయ్యలు దాటి ఇంట్లోకి వచ్చేది. మా అవ్వ మంచం మీద పడుకునే చెవి ఒగ్గి, "ఈ పొద్దు సముద్రం రొంత కోపంగా ఉండాది" అనేది. మేం దుప్పటి ముసుగు పెట్టేవాళ్ళం.

అలాంటివాణ్ని మారిషస్ పడమటి తీరంలో, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ అనే ఊరి ఒడ్డున ఒక సాయంత్రం తీసుకెళ్ళి నిలబెట్టారు. ఎదురుగా సముద్రం ఉంది, చప్పుడు లేదు. విమానంలో దిబ్బళ్ళు వేసిన చెవులు ఇంకా తెరుచుకోలేదేమోనని చిటికెన వేలు పెట్టి ఆడించుకున్నాను. పిల్లల కేరింతలు వినపడ్డాయి. వెనక సరుగుడు చెట్లలో గాలి, అచ్చం మా తోపులో లాగే, సన్నగా ఈల వేయడమూ వినపడింది. సముద్రం మాత్రం నోరు మెదపలేదు. మోకాటి లోతు నీళ్ళు చెరువు నీళ్ళలా తొణికి, ఇసుక తడిపి, వెనక్కి జారిపోతున్నాయి.

"అక్కడ చూడండి. తెల్లని గీత ఉన్నది కదా" అన్నారు మాస్టారు. నిజమే. ఒడ్డుకు బాగా దూరంగా నీటి మీద ముగ్గుపిండితో గీసినట్టు ఒక చార. పగడపు దిబ్బ. దీవి చుట్టూ దాదాపుగా ప్రహరీ కట్టినట్టు ఉంటుంది. హిందూ మహాసముద్రం మోసుకొచ్చే అలలు ఆ గోడకు కొట్టుకుని అక్కడే పగిలిపోతాయి. ఇవతల మిగిలేది ఈ పచ్చటి మడుగు.

"అరిచే సముద్రం లేదా మాస్టారూ?"

"ఉన్నది. ఆఖరి రోజున చూపిస్తాను."

ఇంతలో పొద్దు గుంకింది. మాకు పొద్దు సముద్రంలో పుడుతుంది, ఊరి వెనక పొలాల్లో అస్తమిస్తుంది. ఇక్కడ సముద్రంలోనే మునిగింది. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం పక్కనే బతికినవాణ్ని, సూర్యుడు నీళ్ళలో దిగడం చూడటానికి సముద్రం దాటాల్సి వచ్చింది.

మాస్టారి గురించి ఒక మాట. ఆయన మారిషస్‌లో తెలుగు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడు. కొన్నేళ్ళ కిందట తిరుమల క్యూలో, కంపార్ట్‌మెంటులో, నా పక్కన కూర్చున్నారు. "మీరు ఎచ్చట నుండి వచ్చినారు?" అని అడిగితే పురాణం చెప్పే ఆయనేమో అనుకున్నాను. ఇంట్లో మాట్లాడేది క్రియోల్, చదువుకున్నది ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు బడిలో, పుస్తకాల్లో నేర్చుకున్నారు. అందుకే ఆయన మాటల్లో 'ఉంది' ఉండదు, 'ఉన్నది' ఉంటుంది. ఉగాదికి మా ఊరు రండి అని ఆయన పిలిచారు. ఇన్నాళ్ళకు కుదిరింది.

రూపాయి చెల్లింది

నాకో అలవాటుంది. కొత్త ఊరు వెళితే నోటుపుస్తకంలో పేజీ మధ్యన గీత గీసి రెండు గడులు చేస్తాను. ఈసారి ఎడమ గడి మీద 'మనవి' అని, కుడి గడి మీద 'మనవి కానివి' అని రాసుకున్నాను. మొదటి రోజే ఎడమ గడి నిండిపోయింది.

ఇక్కడ డబ్బు పేరు రూపాయే. మన రెండు రూపాయలకు అటూ ఇటూ. బళ్ళు ఎడమ వైపునే నడుస్తాయి. ఇళ్ళు మన కావలిలో, కోవూరులో కనిపించే డాబాల్లాగే ఉన్నాయి. చాలా ఇళ్ళ ముందు చిన్న గూడు, అందులో హనుమంతుడు, పక్కన వెదురు గడకు ఎర్ర జెండా. బస్టాండులో నూనె మూకుడు ముందు నిలబడి జనం తింటున్నవి గాతో పిమాన్. పప్పు రుబ్బి, మిరపకాయ తరిగి వేసి కాల్చిన చిన్న వడలు. మన మసాలావడకు తమ్ముడి వరస. దాన్ని వీళ్ళు రొట్టె మధ్యన పెట్టుకుని తింటారు. పక్క బండిలో ఆవిరి మీద ఉడికిన పిట్టును 'పుటూ' అంటున్నారు.

దేశం మొత్తం కలిపితే 2,040 చదరపు కిలోమీటర్లు. విడదీయక ముందు మా నెల్లూరు జిల్లా 13,076. అంటే పాత జిల్లాలో ఇలాంటి దేశాలు ఆరు పడతాయి. జనం 12 లక్షల పైచిలుకు. 2011 లెక్కల్లో మా జిల్లా జనం 29 లక్షలు దాటారు. అయినా వీళ్ళకో జెండా, ఒక పార్లమెంటు, ఐక్యరాజ్య సమితిలో ఒక కుర్చీ ఉన్నాయి. 1968 మార్చి 12న స్వాతంత్య్రం, 1992లో అదే తేదీన గణతంత్రం. పార్లమెంటులో ఇంగ్లీషు, పత్రికల్లో ఫ్రెంచి, వీధిలో క్రియోల్. ఎదురైన ప్రతివాళ్ళూ "కి మాన్యేర్?" అంటారు. మా వైపు "ఎట్టుండారు?" అన్నట్టే.

'మన' అనే మాటకు మొదటి ఎదురుదెబ్బ పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్లో తగిలింది. ఆకుకూరల బల్ల దగ్గర ఒకామె కొత్తిమీర కట్ట తీసి "కోతోమిలి" అంది. కరివేపాకు 'కరిపూలే', మునగాకు 'బ్రెద్ మురూమ్', బీరకాయ 'పిపంగాయ్'. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే నెల్లూరు చెవి అడ్డం తిరిగింది. మేం సూళ్ళూరుపేట, తడ దాటితే తమిళంలో బేరమాడే వాళ్ళం. కొత్తమల్లి, కరివేప్పిలై, మురుంగై, పీర్కంగాయ్... ఈ మాటలు మనకంటే ఇరుగుపొరుగుకే దగ్గర. సరే, దక్షిణాదివి అనుకుని ఎడమ గడిలో రాయబోతూ, మాటవరసకు ఆమెతో "ఇది ఇండియా మాట" అన్నాను. మాస్టారు దాన్ని క్రియోల్లో చెప్పారు. ఆమె తాతముత్తాతలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు కావచ్చు. కట్ట మీద నీళ్ళు చల్లుతూ నవ్వి, ఏదో అంది.

"ఏమంటోంది?"

"కాదు, ఇది మారిషస్ కోతోమిలి అంటున్నది" అన్నారు మాస్టారు.

రాయి కింద బంగారం

ఊరు దాటగానే చెరకు. కొండ వాలు నుంచి సముద్రం దాకా, రోడ్డుకు రెండు పక్కలా, మనిషిని మించిన చెరకు. మార్చి నెలాఖరు కదా, కోతలు జూన్ దాకా మొదలుకావు. పైరు ఏపుగా ఉంది. ఆ పచ్చదనం మధ్యన అక్కడక్కడా నల్లరాతి గుట్టలు. మొదట శిథిలమైన గుళ్ళేమో అనుకున్నాను. కాదు. ఈ దీవి అగ్నిపర్వతం కక్కిన లావా. నేలంతా నల్లరాయే. చెరకు నాటాలంటే ముందు రాళ్ళు ఏరాలి. ఏరిన రాళ్ళను ఒకచోట పేర్చాలి. ఆ పేర్చినవే ఈ గుట్టలు. చేతులతో పేర్చినవి.

మన దేశం నుంచి కూలీలను తెచ్చేటప్పుడు మేస్త్రీలు ఒక మాట చెప్పేవారని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ దీవిలో రాయి ఎత్తితే కింద బంగారం ఉంటుంది, ఎంత ఎత్తగలిగితే అంత నీదే అని. రాళ్ళు ఎత్తించారు. కింద ఉన్నది ఇంకో రాయి.

ఈ చెరకును మొదట ఇక్కడికి తెచ్చింది డచ్చివాళ్ళు. అక్కడ నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. డచ్చివాళ్ళు మాకు తెలుసు. మా జిల్లా దక్షిణాన ప్రళయకావేరి సరస్సు ఉంది, లోకం పులికాట్ అంటుంది. దాని దక్షిణపు కొసన, ఇప్పుడు తమిళనాడులో ఉన్న ఊళ్ళో, డచ్చివాళ్ళు 1613లో గెల్డ్రియా అనే కోట కట్టి కోరమండల్ తీరమంతటికీ దాన్ని కేంద్రంగా చేసుకున్నారు. అదే డచ్చివాళ్ళు, అదే కాలం. 1598లో వాళ్ళ ఓడలు ఈ జనం లేని దీవికి వచ్చి తమ యువరాజు మౌరిట్స్ పేరు పెట్టాయి. 1638లో కాపురం మొదలుపెట్టి, జావా నుంచి చెరకునూ జింకలనూ తెచ్చి, 1710లో విసిగి వెళ్ళిపోయారు. వాళ్ళున్న కాలంలోనే ఎగరలేని డోడో పక్షి అంతరించింది. పులికాట్ నుంచి వాళ్ళు అద్దకం గుడ్డలతో పాటు కరువులో అమ్ముడుపోయిన మనుషులను కూడా జావాలోని బటేవియాకు ఓడల్లో పంపారు. మా తీరంలో మనుషుల ఎగుమతి గిర్మిట్ కూలీలతో, అంటే ఒప్పందం మీద వెళ్ళిన కూలీలతో, మొదలైంది కాదు.

డచ్చివాళ్ళ తర్వాత ఫ్రెంచివాళ్ళు, 1810లో ఇంగ్లీషువాళ్ళు. ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలతో తోటలు నడిచాయి. 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. రద్దవుతుందని ముందే తెలిసిన తోటల యజమానులు ఇంకో చౌక చేతుల కోసం చూశారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది. కలకత్తా నుంచి ఎక్కువ, ఆ తర్వాత మద్రాసు రేవు, కొద్దిగా బొంబాయి. అయిదేళ్ళ ఒప్పందం, మగవాడికి నెలకు అయిదు రూపాయలు, బియ్యం, పప్పు, ఉప్పు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. రాళ్ళ గుట్టల పక్కన నిలబడి ఈ లెక్క వింటుంటే, మా ఊళ్ళో రొయ్యల గుంటల మీద పనికి ఒడిశా నుంచి వచ్చే కుర్రాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళకూ ఎవరో ఒక మేస్త్రీ ఏదో ఒక రాయి చూపించే ఉంటాడు.

మెట్లు, నంబర్లు, పేర్లు

పోర్ట్ లూయీ రేవులో ఆప్రవాసీ ఘాట్ పెద్ద కట్టడమేమీ కాదు. నల్లరాతి గోడలు, వంటశాల, ఆస్పత్రి గదుల ఆనవాళ్ళు, సముద్రం లోంచి పైకి వచ్చే కొన్ని మెట్లు. 1849 నుంచి ఇక్కడే కూలీల డిపో నడిచింది. పాత పేరు కూలీ ఘాట్. 1987లో పేరు మార్చారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఓడ దిగినవాళ్ళను ఒకటి రెండు రోజులు ఇక్కడ ఉంచి, నంబరు ఇచ్చి, తోటలకు పంచేవారు. 1860ల నుంచి ఫొటో కూడా తీసేవారు. ఆ రిజిస్టర్లు ఇప్పుడు మోకా ఊళ్ళోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. మనవళ్ళు వెళ్ళి తాతల నంబర్లు వెతుక్కుంటారు.

ఆ రిజిస్టర్లలో తెలుగువాళ్ళకు నిలకడైన పేరు లేదు. ఒకచోట జెంటూలు, ఒకచోట తెలింగాలు, మరోచోట కోరింగీలు. ఆ చివరి పేరు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వచ్చింది. 1839 నవంబరులో పెద్ద ఉప్పెన ఆ రేవును మింగేసింది. ఊరు పోయింది. ఊరి పేరు మాత్రం ఓడెక్కి వచ్చి పరాయి నేల మీద మనుషులకు అతుక్కుపోయింది.

మనిషి పేర్ల కథ ఇంకా చిత్రం. తండ్రి ఇంటిపేరు ఏమిటని గుమాస్తా అడిగేవాడు కాదు. కొడుకు పుడితే తండ్రి పేరే ఇంటిపేరు అయ్యేది. అప్పడు అనే మనిషి పేరు వంశం పేరైంది. అప్పన్న, అప్పయ్య కూడా అంతే. ఫ్రెంచి చెవితో విని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే అవి మనకు ఆనవాలు పట్టవు. మెల్లగా పైకి చదివితే ఉత్తరాంధ్ర వినిపిస్తుంది. నేను పెంచల కోన నరసింహస్వామి వైపు మనిషిని. మా దగ్గర ఇంటికో పెంచలయ్య. వీళ్ళకు అదే దేవుడు సింహాద్రి అప్పన్న. ఇక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ అప్పన్న పూజ చేస్తారు.

ఆ పేర్ల నుంచి వచ్చిన రచయిత్రి ఒకరున్నారు. నతాషా అప్పన్న. 1973లో ఇక్కడి మహేబూర్ పట్నంలో పుట్టారు, ఫ్రాన్స్‌లో ఉంటారు, ఫ్రెంచిలో రాస్తారు. పూర్తి పేరులో అప్పన్న పక్కన పాతరెడ్డి కూడా ఉంది. నెల్లూరు వాడికి ఆ పేరు కనపడితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు! 2003లో వచ్చిన ఆమె మొదటి నవల పేరులో పూద్ర్ దోర్ అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరుకు అర్థం బంగారు పొడి. రాయి కింద బంగారం ఉంటుందని నమ్మి ఓడెక్కిన వాళ్ళ కథ అది. 2023 నాటి మరో పుస్తకంలో, 1872లో తెలుగు నేల విడిచి వచ్చిన తన వంశం వాళ్ళ జాడ వెతికారు. ఆమె మొదటి భాష తెలుగు కాదు, క్రియోల్. దీన్ని ఏ గడిలో రాయాలి? పుస్తకం మూసేశాను.

ధ్రువుడు మునిగిన చోట

మూడో రోజు మధ్యాహ్నం దారి తప్పాను. ఎండ చూసి దిక్కు పోల్చుకోవడం మాకు చిన్నప్పటి అలవాటు. ఇక్కడ భూమధ్యరేఖకు దిగువన 20 డిగ్రీలు. ఉగాది నాళ్ళలో నడినెత్తి పొద్దు ఉత్తరానికి వాలి ఉంటుంది. నీడ దక్షిణానికి పడుతుంది. నేను నీడను నమ్మి రెండు వీధులు అటు పోయాను.

రాత్రి మేడ మీద కూర్చుని ఇంకో సంగతి చూశాను. సప్తర్షులు ఉత్తరాన, దిగంతానికి ఆనుకుని, బోర్లా పడి ఉన్నారు. ధ్రువ నక్షత్రం లేదు. ఉండదు కూడా. నెల్లూరులో అది దిగంతానికి 14 డిగ్రీల పైన ఉంటుంది. ఓడ దక్షిణానికి సాగే కొద్దీ రోజు రోజుకూ కిందికి జారి, భూమధ్యరేఖ దగ్గర సముద్రంలో మునిగిపోతుంది. మద్రాసు రేవులో ఎక్కినవాడు చదువు లేనివాడే కావచ్చు, ఆకాశం చదవడం వచ్చినవాడు. స్థిరంగా ఉండమని పెళ్ళిలో పురోహితుడు చూపించిన చుక్క ఒక రాత్రి నుంచి కనపడకుండా పోతే, ఆ డెక్కు మీద అతను ఏమనుకుని ఉంటాడు? అరుంధతి మాత్రం మిగిలింది, ఏడాదిలో కొన్ని నెలలే, ఉత్తరపు అంచున.

ఉగాది కూడా ఇక్కడ తలకిందులే. మనకు వసంతం. ఇక్కడ వేసవి పోయే వేళ, తుపానుల కాలం చివరి వారాలు. మామిడి కాపు డిసెంబరు, జనవరిలోనే అయిపోయింది. నాకు పెట్టిన పచ్చడిలో మామిడి తునక లేదు, చింతపండు పులుపే ఉంది. తుపాను మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ డాబా ఇళ్ళు మనల్ని చూసి కట్టినవి కావు. 1960 ఫిబ్రవరి చివర్లో కెరోల్ అనే తుపాను గంటకు 250 కిలోమీటర్లు దాటిన విసురు గాలితో దీవిని ఊడ్చేసింది. తాటాకు, రేకు, చెక్క ఇళ్ళు పోయాయి. ఆ తర్వాత జనం కాంక్రీటుకు మళ్ళారు. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎన్నో నంబరు ఎగరేశారని మేం అడిగినట్టు, వీళ్ళు క్లాస్ ఎంత అని అడుగుతారు. ఒకటి నుంచి నాలుగు. తుపాను గాలి మాత్రం మనకు ఎదురు దిక్కులో సుడి తిరుగుతుంది.

ఎలా ఉన్నా ఉగాది ఉగాదే. 'ఊగాది' అంటారు. దేశమంతటికీ సెలవు. చైనా కొత్త సంవత్సరం, రంజాన్, మహాశివరాత్రి, తమిళుల కావడి, క్రిస్మస్‌లతో పాటు జాబితాలో ఇదీ ఒకటి. జనాభాలో పిడికెడు లేని తెలుగువాళ్ళ పండుగకు చైనా కొట్టు, క్రియోల్ బేకరీ, గుజరాతీ బట్టల షాపువాడి ఆఫీసు అన్నీ సెలవు పాటిస్తాయి.

ఎవరికి మనవి?

పండుగ సాయంత్రం గుడి ఆవరణలో రామభజనం. మధ్యన దీపం, చుట్టూ ఆడా మగా తిరుగుతూ పాట. మా వైపు చెక్కభజన చూసినవాణ్ని, కాళ్ళు ఆగలేదు. పదాలు కొన్ని అరిగిపోయాయి, కొన్నింటికి క్రియోల్ యాస పట్టింది. అలవాటు కొద్దీ నోటుపుస్తకం తీసి తప్పులు రాసుకుంటున్నాను. మాస్టారి మనవరాలు, బడిలో తెలుగు చదువుతున్న పదకొండేళ్ళ పిల్ల, పక్కన కూర్చుని నా పేజీ వంక చూసింది. ఎడమ గడి పైన రాసిన మాట కూడబలుక్కుని చదివింది.

"మ-న-వి. తాతగారూ, మీరు ఎవరికి మనవి చేస్తున్నారు?"

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. వాళ్ళ పాఠ్యపుస్తకంలో ఉత్తరం రాసే పాఠం ఉంది. పెద్దవాళ్ళకు విన్నవించుకునేది మనవి. నేను నావి అని రాసుకున్న జాబితా ఆ పిల్లకు అర్జీలా కనిపించింది. ఆలోచిస్తే అర్జీయే. ఇవన్నీ మావే అని ఒప్పుకోండి, మా గుర్తులు మీలో మిగిలాయని చెప్పండి అని వారం రోజులుగా ఈ దీవిని నేను వేడుకుంటున్నాను.

పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. "మీ ఇంట్లో పిల్లలు తెలుగులో ఏ తరగతి?" మా అన్న మనవడు నెల్లూరులో ఇంటర్ చదువుతున్నాడు. రెండో భాష సంస్కృతం. పద్యం రాదు, శ్లోకం రాదు, మార్కులు బాగా వస్తాయి. ఆ సంగతి ఈ పిల్లకు ఎలా చెప్పను? ఇక్కడి ప్రాథమిక బడిలో తెలుగు ఎవరి మెడ మీదా కత్తి పెట్టి నేర్పరు. ఇష్టమైతే తీసుకోవచ్చు. మార్కులకు ఇంతకంటే తేలిక దారులున్నాయి. అయినా తీసుకుంటారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ దీవిలోనే. వచ్చినవాళ్ళంతా ఎంత బాగా నిలబెట్టుకున్నారు అని మెచ్చుకుని వెళ్ళారట. "మీరు వచ్చిన ప్రతిసారీ మేము ఏమి మరిచిపోయినామో లెక్క వేస్తారు, లేదా ఏమి మరవలేదో లెక్క వేస్తారు. మేము కొత్తగా ఏమి చేసుకున్నామో ఎవరూ అడగరు" అన్నారు మాస్టారు. నవ్వుతూనే అన్నారు.

ఆ కొత్తదేదో మర్నాడు చూశాను. నైరుతి మూలన లె మోర్న్ కొండ. 556 మీటర్ల రాతి గోడ. పారిపోయిన బానిసలు దాక్కున్న చోటు, 2008 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. కొండ కింద ఒడ్డున ఆదివారం జనం. కుటుంబాలు బిర్యానీ గిన్నెలు, కుర్చీలు, స్పీకర్లతో సహా దిగిపోయాయి. ఒక గుంపు నడుమ ఎండుటాకుల మంట వేసి, మేకతోలు కట్టిన పెద్ద చట్రాన్ని ఆ సెగకు అటూ ఇటూ తిప్పుతున్నారు. మా ఊరి డప్పు కాయడం ఇలాగే! దీని పేరు రవాన్. బానిసల పాట సెగాకు ఇదే ప్రాణం. తోలు బిగిశాక ఒకాయన దరువు మొదలుపెట్టాడు. మాస్టారి మనవరాలు చెప్పులు విడిచి, నిన్న రామభజనంలో తిరిగిన కాళ్ళతోనే, ఇసుకలో ఆడింది. నా పుస్తకంలో ఈ దృశ్యానికి గడి లేదు.

వెళ్ళాలనుకుంటే

భారత పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులు మారిషస్‌కు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. తిరుగు టికెట్టు, బస వివరాలు చేతిలో ఉండాలి. ముంబై నుంచి విమానంలో ఆరు గంటల ప్రయాణం. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేడి, తుపానుల కాలం. మే నుంచి అక్టోబరు దాకా చల్లగా, పొడిగా ఉంటుంది. బస్సులు దీవి అంతటా తిరుగుతాయి. మహాశివరాత్రికి వెళితే గ్రాన్ బాసాన్ సరస్సుకు కావళ్ళు మోస్తూ కాలినడకన వెళ్ళే లక్షల జనాన్ని చూడొచ్చు. కారం ఎక్కువ కావాలంటే అడగాలి. అడిగితే వేసే మిరపకాయ మన గుంటూరుకు ఏమీ తీసిపోదు.

గ్రి గ్రి

ఆఖరి రోజున మాస్టారు మాట నిలబెట్టుకున్నారు. దక్షిణపు కొసన సూయాక్ అనే ఊరు, దాని అంచున గ్రి గ్రి. కారు దిగకముందే తెలిసిపోయింది. హోరు! అక్కడ పగడపు గోడకు గండి. మహాసముద్రం నేరుగా వచ్చి నల్లరాతి కొండచరియను బాదుతోంది. కాస్త అవతల ఒక బండ ఉంది, అల కొట్టినప్పుడల్లా దాని ముఖం మీంచి నీళ్ళు కారతాయి. ఏడ్చే రాయి అంటారు. ఇక్కడి నుంచి ఎదురుగా దక్షిణానికి పోతే అంటార్కిటికా దాకా నేల లేదు.

నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. వారం రోజుల తర్వాత చెవి ఇంటికి వచ్చింది. అవ్వ మంచం, దుప్పటి ముసుగు, సరుగుడు తోపు, అన్నీ ఆ చప్పుడులో ఉన్నాయి. "మాస్టారూ, ఇది అచ్చం మా మైపాడే" అన్నాను.

ఆయన చరియకు నాలుగు అడుగుల వెనకే ఆగిపోయారు. మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నారు. ఇక్కడ ఎవరూ నీళ్ళలో దిగరట. చిన్నప్పుడు అల్లరి చేస్తే గ్రి గ్రికి తీసుకుపోతామని భయపెట్టేవారట.

"నేను మొదటిసారి ఆంధ్రకు వచ్చినప్పుడు విశాఖపట్నంలో సముద్రము ఎదురుగా గది తీసుకున్నాను" అన్నారు, హోరు మీదుగా వినపడేట్టు గొంతు పెంచి. "మా ముత్తాత ఇచ్చట ఓడ ఎక్కినాడు, ఆ సముద్రమును చూస్తూ నిద్రపోవలెను అని ఆశ. రాత్రి అంతా నిద్ర లేదు. ఆ శబ్దమునకు తుపాను వచ్చినది అనుకున్నాను. రెండు సార్లు లేచి హోటలు అతనిని అడిగినాను, క్లాస్ ఎంత అని. అతడు నవ్వినాడు. మరునాడు గది మార్చుకున్నాను."

వచ్చే సంక్రాంతికి ఆయన మా ఊరు వస్తున్నారు. మా ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. సముద్రం వైపు గది పెద్దది, గాలి బాగా వస్తుంది, వచ్చిన చుట్టాలందరికీ అదే ఇస్తాం. ఆయనకు మాత్రం రోడ్డు వైపు గది సర్దిపెట్టమని చెప్పాను. ఇంట్లోవాళ్ళు ఎందుకని అడిగారు. ఆయన సముద్రం అరవదు అన్నాను.